మోకాలి లిగమెంటు తెగాక మళ్ళీ బండెక్కేది ఎప్పుడు?

(నెల్లూరులో మోటోక్రాస్, అంటే మట్టి ట్రాకుల మీద పందేల బండ్లు, డర్ట్ బైకులు తోలే కుర్రాళ్ళ కోసం ఒక ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కట్టుతో కూర్చున్నవాళ్ళు కాలు చాపుకోండి, మొహమాటం వద్దు. ఎదురు కుర్చీ లాక్కోని మడమ దాని మీద పెట్టుకోండి. మోకాలి కింద మాత్రం బ్యాగు పెట్టుకోవద్దు నాయనా, తీసెయ్. ఎందుకో కాసేపట్లో చెప్తాను.

ముందు ఒక ప్రశ్న. మోకాల్లో లిగమెంటు తెగిన ఇద్దరు ఉన్నారు. ఒకడు కబడ్డీ ఆడతాడు, ఇంకొకడు బండి తోలతాడు. ఇద్దరికీ ఒకే రోజు ఆపరేషన్ అయింది. ఎవడు ముందు మళ్ళీ దిగుతాడు? బండి తోలేవాడే. ఎందుకని? వాడి కాలు తొందరగా బాగుపడిందనా? కాదు. కబడ్డీవాడు కోర్టులో దిగి రెండడుగులు పరిగెత్తగానే మోకాలు చెప్పేస్తుంది, ‘నేనింకా రెడీగా లేను’ అని. బండి తోలేవాడికి ఆ మాట వినపడదు. పరిగెత్తేది బండి, బరువు మోసేది బండి. నాలుగో నెలకే ఎక్కి కూర్చుంటాడు, మట్టిలో నాలుగు రౌండ్లు వేస్తాడు, నొప్పి ఉండదు. ‘నాకేం కాలేదు’ అనుకుంటాడు. బండి మీ కాలి లోపాన్ని దాచిపెడుతుంది. మలుపులో కాలు కింద పెట్టాల్సి వచ్చే ఆ ఒక్క క్షణం దాకా దాచిపెడుతుంది. ఈ రోజు నేను చెప్పేదంతా ఆ క్షణం గురించే.

మోకాలు తలుపు బందు లాంటిది అనుకుంటాం. ముడుస్తుంది, చాస్తుంది, అంతే అని. కానీ ఈ బందు కొంచెం మెలి కూడా తిరుగుతుంది. ఆ మెలి హద్దు దాటకుండా పట్టుకునేవి నాలుగు పట్టీలు, వాటినే లిగమెంట్లు అంటారు. లోపలి పక్క ఎమ్‌సీఎల్, బయటి పక్క ఎల్‌సీఎల్, కీలు నడిమధ్యలో ఒకదానికొకటి అడ్డంగా ఏసీఎల్, పీసీఎల్. ఏసీఎల్ సుమారు మూడు సెంటీమీటర్ల పొడవు, చిటికెన వేలంత మందం. కింది ఎముక ముందుకు జారకుండా, లోపలికి మెలి తిరగకుండా అదే ఆపుతుంది. మన ఊళ్ళో ‘నరం తెగింది’ అంటారు గానీ అది నరం కాదు, పట్టీ. రెండెముకల మధ్య గుజ్జులాంటి దిండ్లు రెండుంటాయి, అవి మెనిస్కస్‌లు. ఏసీఎల్‌తో పాటు అవి కూడా చిరగడం మామూలే.

ఇంకో తేడా కూడా తెలుసుకోండి. ఎమ్‌సీఎల్ కీలుకి బయట ఉంటుంది, చుట్టూ కండ, రక్తం ఉంటాయి. అది ఒక్కటే తెగితే చాలామందిలో బ్రేసు వేసి సరైన వ్యాయామం చేయిస్తే అతుక్కుంటుంది. కొంచెం సాగితే రెండు మూడు వారాలు, పూర్తిగా తెగితే రెండు మూడు నెలలు. ఏసీఎల్ అట్టా కాదు. అది కీలు లోపలి నీళ్ళలో ఉంటుంది. తెగిన కొసల దగ్గర రక్తం గడ్డకట్టి వంతెన కట్టాలి గదా? ఆ నీళ్ళలో గడ్డ నిలవదు. కాబట్టి ‘మా బావకి మోకాల్లో లిగమెంటు ఆరువారాల్లో అతుక్కుంది, నీకెందుకు అతుక్కోదు’ అని ఎవరైనా అంటే, బావకి తెగింది ఏదో ముందు అడగండి.

ఇప్పుడు మనవాళ్ళకి ఎట్టా తెగుతుందో చూద్దాం. మొదటిది మలుపు. బండి వాలుస్తాం, లోపలి కాలు బయటికి తీస్తాం. కాలు ముందు చక్రం ఇరుసు వైపు చాచి, మోకాలు కొంచెం మడిచి, బూటు నేలకి తగిలీ తగలకుండా పోవాలి. కొత్తవాళ్ళు ఏం చేస్తారు? కాలు పక్కకి తీసి నేలలో పాతేస్తారు. బూటు గాడిలో ఇరుక్కుంటుంది, బండి ముందుకు పోతుంది. పాదం ఆడే ఉంది, తొడ బండితో పాటు తిరిగింది. మధ్యలో ఉన్నది మోకాలు. ‘టప్’మని వినపడుతుంది. మనకి ఎండాకాలంలో ఎండిన చెరువుల్లో తోలే అలవాటుంది గదా? ఆ ఒండ్రులో గేదెల గిట్టల గుర్తులు ఎండి రాయిలా ఉంటాయి. బూటు ముక్కు సరిగ్గా పట్టేంత గుంటలు. పెన్న ఇసుకలో అయితే వేరే రకం, కాలు మెల్లగా దిగబడుతుంది, బండి బరువంతా దాని మీదికి వస్తుంది.

రెండోది జంపు. అవతలి దిగుడుకి చేరకుండా గట్టు అంచున పడితే పాదం ఫుట్‌పెగ్ మీద నుంచి, అంటే కాలు పెట్టుకునే ఇనప ముక్క మీద నుంచి జారి, మోకాలు వెనక్కి విరుచుకుంటుంది. ఫుట్‌పెగ్ పళ్ళు అరిగిపోయి ఉంటే, మట్టి నిండి ఉంటే ఇంకా సులువుగా జారుతుంది. రెండొందల రూపాయల పనికి బద్ధకించి మోకాలు పోగొట్టుకోవద్దు. పెగ్ పళ్ళు ఆకురాయితో పదును పెట్టించండి, ప్రతి రౌండుకీ ముందు మట్టి తీయండి. మూడోది, బండి వచ్చి బయటి నుంచి కాలు మీద పడడం. అప్పుడు ఎమ్‌సీఎల్, ఏసీఎల్ రెండూ పోవచ్చు. మోకాలు మడిచి ముందుకు పడి, నేల ముడుకు కింది ఎముకకి గుద్దుకుంటే పీసీఎల్.

బండి బరువు కూడా లెక్కే. అసలైన మోటోక్రాస్ 250 బండి 105 కిలోలకి అటూ ఇటూ ఉంటుంది. మనవాళ్ళలో ఎక్కువమంది తోలే ఎక్స్‌పల్స్ 200 సుమారు 160 కిలోలు. ఆ బరువు పక్కకి ఒరిగితే ఒంటికాలితో ఆపాలనుకోవద్దు. పడనియ్యండి. హ్యాండిల్ బారు, క్లచ్ లీవరు బజార్లో దొరుకుతాయి.

పడ్డాక మొదటి రెండు గంటలు. ఇది అందరూ వినాలి, వెనకాల ఫోను చూసేవాళ్ళు కూడా. ఎందుకంటే పడినవాడు చేసుకోలేడు, పక్కనున్న మీరే చెయ్యాలి. ‘టప్’ శబ్దం వచ్చి, రెండు గంటల్లోపు మోకాలు బంతిలా ఉబ్బితే లోపల రక్తం చేరినట్టు. ఏసీఎల్ తెగిందనే అనుకోవాలి. వాపు మర్నాటికి మెల్లగా వస్తే మెనిస్కస్సో, చిన్న బెణుకో కావచ్చు. ఏదైనా సరే, ‘ఇంకో రౌండు వేస్తే సర్దుకుంటుంది’ అనే మాట నోట రాకూడదు. ఏసీఎల్ లేని మోకాలితో ఇంకోసారి జారితే పోయేది మెనిస్కస్. అది పోతే నలభై ఏళ్ళకే అరుగుదల.

వాపు కంటే ముందు చూడాల్సింది పాదం. బూటు బకిల్స్ అన్నీ విప్పండి. ఒకరు పిక్కని రెండు చేతులతో కదలకుండా పట్టుకోవాలి, ఇంకొకరు మెల్లగా బూటు తియ్యాలి. పాదం వెచ్చగా ఉందా? పాదం పైన, బొటనవేలిని పైకి లాగే తంతువుకి పక్కన వేలుపెడితే నాడి తగులుతుందా? వేళ్ళు పైకి ఎత్తగలుగుతున్నాడా? పాదం చల్లబడినా, నాడి తగలకపోయినా, వేళ్ళు ఎత్తలేకపోయినా మోకాలు మొత్తం కీలు తప్పి మళ్ళీ కూర్చుని ఉండొచ్చు. పైకి చూస్తే మామూలు వాపులా కనపడుతుంది, కానీ వెనక ఉన్న రక్తనాళం దెబ్బతిని ఉండొచ్చు. ఆరు గంటల లోపు రక్తం పారకపోతే కాలే పోతుంది. ఉదయగిరి కొండల్లోనో, గిద్దలూరు అవతల నల్లమల అంచునో పడితే ప్రయాణానికే రెండు మూడు గంటలు పోతాయి. కాబట్టి 108కి ఫోను చేసేటప్పుడే చెప్పండి, రక్తనాళాల సర్జన్ ఉన్న ఆసుపత్రికే పోవాలని. ఊళ్ళో ఆర్‌ఎమ్‌పీ దగ్గర ఆగి సూది వేయించుకుని పోదాం అనుకోవద్దు.

పాదం బాగానే ఉంటే కాలు ఎత్తులో పెట్టి, గుడ్డలో చుట్టిన ఐసు పదిహేను ఇరవై నిమిషాలు, రెండు గంటలకొకసారి. కాపడం వద్దు, నూనె మర్దన వద్దు. పసుపు, సున్నం పట్టు వేస్తే లోపలి రక్తం ఏమీ తగ్గదు, చర్మం పొక్కితే ఆపరేషన్ వాయిదా పడుతుంది. ఇంకోటి, మన జిల్లాలో తప్పకుండా చెప్పాల్సింది. పుత్తూరు కట్టు. ఎముక సంగతి వేరు, అది ఈ రోజు మన విషయం కాదు. లిగమెంటుకి మాత్రం మోకాలు కదలకుండా కట్టి ఆరువారాలు ఉంచితే తొడ కండ కరిగిపోతుంది, కీలు బిగుసుకుపోతుంది, తెగిన ఏసీఎల్ మాత్రం అట్టానే ఉంటుంది. ఆ తర్వాత ఆపరేషన్‌కి పోతే రెండు సమస్యలతో పోతారు.

‘ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు సార్.’ ఈ మాట విన్నప్పుడల్లా ఒకటే జవాబు. ఎక్స్‌రేలో లిగమెంటు కనపడదు. ఎక్స్‌రే తియ్యాలి, ఎముక విరిగిందేమో చూడ్డానికి. తర్వాత డాక్టరు మోకాలు 20, 30 డిగ్రీలు మడిచి కింది ఎముకని ముందుకు లాగి చూస్తారు. దాన్ని లాక్‌మన్ పరీక్ష అంటారు. మొదటి మూడు నాలుగు రోజులు నొప్పికి కండ బిగబట్టి ఉంటుంది కాబట్టి ఆ పరీక్ష తప్పు చెప్పొచ్చు. వారం పది రోజులకి వాపు తగ్గాక మళ్ళీ చేయించుకోండి. ఎమ్మారై ఆ తర్వాత.

అందరికీ ఆపరేషన్ కావాలా? అక్కర్లేదు. నేరుగా నడిచే పనులు చేసుకునేవాళ్ళు చాలామంది వ్యాయామంతోనే నెట్టుకొస్తారు. కానీ మలుపులో కాలు పెట్టాలి, జంపులు దిగాలి అనుకునేవాడికి, నడుస్తుంటేనే మోకాలు జారుతున్నవాడికి ఆపరేషనే మేలని నా అభిప్రాయం.

అయితే రేపే చేయించుకోవాలా? ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. వాచి, బిగుసుకుపోయిన మోకాలికి ఆపరేషన్ చేస్తే లోపల మచ్చకండ పెరిగి జీవితాంతం బిగుసుగా ఉండిపోవచ్చు. మూడు నుంచి ఆరు వారాలు ఆగండి. ఆ లోపల మూడు పనులు అవ్వాలి: వాపు పోవాలి, మోకాలు పూర్తిగా చాపుకోవాలి, తొడ కండ బిగపట్టి కాలు నిటారుగా లేపగలగాలి. మోకాలు మధ్యలో తాళం పడ్డట్టు ఇరుక్కుపోతే మాత్రం ఆగకూడదు, మెనిస్కస్ మడతపడి అడ్డం వచ్చి ఉంటుంది. రెండు మూడు లిగమెంట్లు పోయినవాళ్ళ లెక్క కూడా వేరే.

కొత్త లిగమెంటు ఎక్కడి నుంచి తెస్తారు? మీ ఒంట్లో నుంచే. తొడ వెనక హ్యామ్‌స్ట్రింగ్ కండని ఎముకకి కలిపే తంతువులు తీస్తారు, లేదా మోకాలిచిప్ప కింది పట్టీలో మధ్య మూడోవంతు రెండు చివర్లా ఎముక ముక్కలతో తీస్తారు, లేదా చిప్ప పైన తొడ కండ తంతువు. మన దేశంలో గిలక పక్కన ఉండే పెరోనియస్ తంతువు కూడా బాగానే వాడతారు. ఏది మంచిదని నన్ను అడగొద్దు, సర్జన్‌కి ఏది బాగా చేతయితే అది. కానీ రెండు మాటలు ఆయన్ని మీరే అడగండి. ఒకటి, తంతువు మందం ఎనిమిది మిల్లీమీటర్లకి తగ్గకుండా వస్తుందా అని. సన్నగా వస్తే కుర్రాళ్ళలో మళ్ళీ తెగే ప్రమాదం ఎక్కువ. రెండు, నేను బండి తోలతాను అని చెప్పండి. చిప్ప కింది పట్టీ తీస్తే మోకాళ్ళ మీద కూర్చుంటే నొప్పి చాలాకాలం ఉంటుంది, బండి కింద కూర్చుని చెయిను బిగించేవాడికి అది తెలుస్తుంది. హ్యామ్‌స్ట్రింగ్ తీస్తే మోకాలు ముడిచే బలం కొంత తగ్గుతుంది, కాలు ముందు చర్మంలో తిమ్మిరి ఉండొచ్చు. డబ్బుల సంగతి: చాలా ఇన్సూరెన్సు పాలసీల్లో రేసింగులో తగిలిన దెబ్బలు మినహాయింపు జాబితాలో ఉంటాయి. సంతకం పెట్టేముందు ఆ పేజీ చదవండి.

ఇప్పుడు ఆ బ్యాగు సంగతి. ఆపరేషన్ తర్వాత మొదటి రెండు వారాల్లో అన్నిటికంటే పెద్ద పని ఏంది? నడవడమా? మడవడమా? కాదు. చాపడం. రెండో కాలు ఎంత నిటారుగా చాపుకుంటుందో, ఈ కాలు అంత నిటారుగా రెండు వారాల్లో రావాలి. మోకాలి కింద దిండు పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, అమ్మలు ప్రేమగా పెడతారు కూడా. అమ్మా, పెట్టొద్దు. ఆ హాయిలోనే మోకాలు పది డిగ్రీలు మడతలో బిగుసుకుపోతుంది. దిండు మడమ కింద పెట్టండి, మోకాలు గాల్లో వేలాడాలి. పది నిమిషాలు, రోజుకి ఐదారుసార్లు. ఆరేడు వారాలు అయినా పూర్తిగా చాపుకోకపోతే, చివర్లో ఏదో అడ్డం తగిలినట్టుంటే సర్జన్‌కి చూపించండి. లోపల మచ్చకండ ముద్దగా పెరిగి అడ్డుపడి ఉండొచ్చు. దాన్ని వ్యాయామంతో తోసెయ్యలేరు.

చాపడంతో పాటు తొడ కండని లేపాలి. మోకాలు వాస్తే మెదడు తొడ కండకి కరెంటు తీసేస్తుంది. కండ ఉంటుంది, పని చెయ్యదు. మోకాలిని మంచానికి అదిమి పది సెకన్లు బిగబట్టాలి, పదిసార్లు, రెండు గంటలకొకసారి. చిప్ప పైకి జరగడం కంటికి కనపడాలి. జరక్కపోతే ఫిజియో దగ్గర కరెంటు మిషన్ పెట్టించుకోండి. చీలమండ పైకీ కిందికీ గంటకి ఇరవైసార్లు, రక్తం గడ్డకట్టకుండా. చెన్నైలో చేయించుకుని వచ్చేవాళ్ళు మూడు నాలుగు గంటలు కారులో కాలు వేలాడేసుకుని రావద్దు. వెనక సీట్లో చాపుకోని కూర్చోండి, గంటకొకసారి హైవే పక్కన ఆగి దిగండి. పిక్క గట్టిపడి నొప్పి వచ్చినా, ఊపిరి అందకపోయినా, జ్వరంతో పాటు కుట్ల దగ్గర నీరు కారినా తెల్లారేదాకా చూడొద్దు. అదే రాత్రి ఆసుపత్రికి పోవాలి.

మడవడం రెండు వారాలకి 90 డిగ్రీలు, ఆరు వారాలకి 120 వస్తే చాలు. కుట్లు పన్నెండు, పద్నాలుగు రోజులకి తీస్తారు. కర్రలు ఎప్పుడు పారెయ్యాలి? తేదీ చూసి కాదు, కుంటు లేకుండా నడిచిన రోజు. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ కాలు ముందు. కింద కూర్చునే దొడ్డి వద్దు, కమోడ్ లేకపోతే కమోడ్ కుర్చీ అద్దెకి తెచ్చుకోండి. బాసిపట్టు వేసుకుని భోజనానికి కూర్చోవడం, వజ్రాసనం, గుళ్ళో మోకాళ్ళ మీద వంగడం, ఇవన్నీ నెలల తరబడి పక్కన పెట్టండి. మెనిస్కస్ కుట్టి ఉంటే ఇవన్నీ ఇంకా నెమ్మది. నాలుగు నుంచి ఆరు వారాలు పూర్తి బరువు వెయ్యనివ్వరు, 90 దాటి మడవనివ్వరు. పక్కమంచంవాడు నడుస్తున్నాడని మీరు నడవొద్దు.

ఆరు వారాల తర్వాత ఇంటి దగ్గర సైకిలు, కుర్చీ ఎత్తు దాకా గుంజీలు, మెట్టు ఎక్కి దిగడం, ఒంటికాలి మీద నిలబడడం, జిమ్‌లో లెగ్ ప్రెస్. హ్యామ్‌స్ట్రింగ్ తీసినవాళ్ళు ఆ కండకి విడిగా బరువులు ఆరు నుంచి ఎనిమిది వారాల దాకా వద్దు. మైపాడు బీచిలో నడవొచ్చా అని అడుగుతారు. నీళ్ళు తాకే గట్టి ఇసుకలో మూడో నెలకి నడవొచ్చు. పైనుండే పొడి ఇసుక ఐదో నెల దాకా వద్దు, పాదం ఎటు తిరుగుతుందో మీ చేతిలో ఉండదు. తిండి కూడా పనే. డెబ్భై కిలోల మనిషికి రోజుకి 110 గ్రాముల ప్రోటీన్ అవసరం. గుడ్డులో ఆరు గ్రాములు, వంద గ్రాముల చేపలో ఇరవై దాకా. నెల్లూరు చేపల పులుసు మంచిదే, కానీ పులుసుతో నాలుగు గరిటెల అన్నం కాదు, ముక్కలు తినండి.

ఇప్పుడు ఈ రోజంతా గుర్తు పెట్టుకోవాల్సిన భాగం. లోపల పెట్టిన ఆ తంతువు, అది పెట్టినప్పుడు గట్టిగానే ఉంటుంది. తర్వాత ఏమవుతుంది? దానికి రక్తం అందదు. లోపలి కణాలు చచ్చిపోతాయి. అప్పుడు ఒళ్ళు దాన్లోకి కొత్త రక్తనాళాలు పంపిస్తుంది, పాత పోగుల్ని కరిగించి కొత్త పోగులు అల్లుతుంది. పాత ఇంటిని ఒక్కో గోడా పడగొడుతూ, అందులోనే కాపురం ఉంటూ కొత్త ఇల్లు కట్టుకున్నట్టు. ఆరో వారం నుంచి పన్నెండో వారం మధ్య ఆ తంతువు అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మీకు ఎట్టా ఉంటుంది? వాపు పోయింది, నొప్పి పోయింది, కుంటు పోయింది. ఫ్రెండ్సు చీమకుర్తి వైపు పోతున్నారు. మోకాలు అన్నిటికంటే బాగున్నట్టు అనిపించే రోజు, తంతువు అన్నిటికంటే బలం తక్కువున్న రోజు. నొప్పి లేదు అనేది సాక్ష్యం కాదు. తంతువుకి నొప్పి చెప్పే నోరు లేదు.

మరి ఎప్పుడు? నార్వే, అమెరికా పరిశోధకులు కలిసి ఏసీఎల్ ఆపరేషన్ అయిన 106 మందిని రెండేళ్ళు గమనించి 2016లో ఫలితాలు అచ్చేశారు. తొమ్మిది నెలల దాకా, ఆటలోకి దిగడం ఒక్కో నెల వాయిదా వేసేకొద్దీ మళ్ళీ మోకాలి గాయం సుమారు సగానికి తగ్గింది. బలం పరీక్షలు పాసవకుండా దిగినవాళ్ళలో 38 శాతం మందికి మళ్ళీ దెబ్బ. పాసయి దిగినవాళ్ళలో ఆరు శాతం లోపు. వాళ్ళు బండ్లు తోలేవాళ్ళు కారు, మెలి తిరిగే ఆటలు ఆడేవాళ్ళు. కానీ మలుపులో మీ కాలు చేసేది ఆ మెలి పనే గదా? తొమ్మిది నెలలూ పరీక్షలూ రెండూ కావాలి. ఒకటుంటే చాలదు.

పరీక్షలకి పెద్ద మిషన్లు లేకపోయినా టేపు, మెట్టు, ఫోను కెమెరా చాలు. చిప్ప పైఅంచు నుంచి పదిహేను సెంటీమీటర్ల పైన తొడ చుట్టుకొలత రెండు కాళ్ళకీ తీయండి, రెండు సెంటీమీటర్లకి మించి తేడా ఉంటే ఇంకా పని ఉంది. జిమ్‌లో ఒంటికాలి లెగ్ ప్రెస్, పదిసార్లు ఎంత బరువు నెట్టగలరో రాయండి. ఒంటికాలితో ముందుకు దూకి అదే కాలి మీద ఆగాలి. మంచి కాలు 150 సెంటీమీటర్లు దూకితే, దెబ్బ కాలు కనీసం 135 దూకాలి. అంటే తొంభై శాతం. దీనిలో రెండు మోసాలున్నాయి. మంచి కాలు కూడా ఆర్నెల్లు ఖాళీగా ఉండి సన్నబడింది, దాంతో పోల్చుకుంటే మార్కులు ఎక్కువ పడతాయి. అందుకే ఆపరేషన్ ముందే మంచి కాలి కొలతలు రాసి పెట్టుకోండి. రెండోది, తొడ బలం లేకపోయినా తుంటితో, చీలమండతో నెట్టుకుని దూరం దూకేయొచ్చు. దూరం వచ్చింది, దిగేటప్పుడు మోకాలు లోపలికి పడింది. అది ఫెయిల్. ముందు నుంచి వీడియో తీసి మెల్లగా చూడండి.

బండి దగ్గరికి వద్దాం. నాలుగో నెలలో బండిని స్టాండు మీద నిలబెట్టి, పెగ్స్ మీద నిలబడి ట్యాంకుని మోకాళ్ళతో పట్టుకోండి, నిమిషం చొప్పున ఐదుసార్లు. ఆరో నెలకి చదునైన నేల మీద కూర్చుని తోలడం, పాదాలు పెగ్స్ మీద నుంచి తియ్యకుండా. ఏడు ఎనిమిది నెలల్లో నిలబడి తోలడం, నెమ్మదిగా ఎనిమిది అంకె తిప్పడం, ఇరవై నిమిషాలకి మించొద్దు. పరీక్షలు పాసయ్యాక, తొమ్మిది దాటాక మలుపులో కాలు తియ్యడం, ఆ తర్వాత చిన్న టేబుల్‌టాప్, అంటే పైన చదునుగా ఉండే జంపు, ఆ తర్వాత వరస గతుకులు. రేసు పది, పన్నెండు నెలలకి. ఏ మెట్టు ఎక్కినా మర్నాడు పొద్దున చిప్ప మధ్యలో టేపుతో కొలవండి. ముందు రోజు కంటే ఒక సెంటీమీటరు పెరిగిందా, ఒక మెట్టు దిగండి, వారం ఆగండి.

ఏ కాలికి తగిలిందో కూడా చూసుకోండి. ఎడమ కాలైతే గేరు పైకి లేపేటప్పుడు ఆ బరువైన బూటుతో పిక్క మెలి తిప్పకుండా, మొత్తం కాలు ఎత్తి వెయ్యండి. కుడి కాలైతే కిక్ రాడ్ శత్రువు. వెనక్కి తన్నిందంటే మోకాలు వెనక్కి విరుచుకుంటుంది. సెల్ఫ్ ఉంటే సెల్ఫే. ఆర్‌ఎక్స్ 100 లాంటి పాత టూ స్ట్రోక్‌లు ఉన్నవాళ్ళు ఏడాది దాకా ఫ్రెండుతో కొట్టించుకోండి, సిగ్గేం లేదు.

బ్రేసు గురించి చాలా చీటీలు వచ్చాయి. మెడికల్ షాపులో దొరికే సాగే మోకాలి క్యాప్ వెచ్చదనం ఇస్తుంది, మెలిని ఆపదు. రేసు దుకాణంలో దొరికే మోకాలి గార్డు చిప్పకి దెబ్బ తగలకుండా ఆపుతుంది, లిగమెంటుకి ఏమీ చెయ్యదు. కావాల్సింది రెండు పక్కలా బందులున్న గట్టి ఫ్రేము బ్రేసు. అది వెనక్కి విరగడాన్ని బాగా ఆపుతుంది, మెలిని కొంతే ఆపుతుంది. దాన్ని నమ్ముకుని ముందే దిగొద్దు. లోపల కాలు మరీ చాపుకోకుండా ఆపే ముక్కలు వస్తాయి, సున్నా, పది, ఇరవై డిగ్రీలవి. మొదటి సీజను పది డిగ్రీల ముక్క వేసుకోండి. బందు మధ్యభాగం చిప్ప మధ్యకి సరిగ్గా ఎదురుగా రావాలి. పట్టీల్లో మోకాలి వెనక, పిక్క పైన ఉండేది ముందు బిగించాలి, అది పట్టు పడితేనే బ్రేసు కిందికి జారదు. పది నిమిషాలు తోలాక అన్ని పట్టీలూ మళ్ళీ బిగించండి. బూటు పైఅంచు బ్రేసు కింది అంచుని నెడుతుందేమో, కుర్చీలో కూర్చుని మోకాలు మడిచి చూసుకోండి. నెడితే బందు పైకి పోతుంది, బ్రేసు ఉండీ లేనట్టే. మన ఎండలకి లోపల పలచటి పొడవాటి సాక్సు వేసుకోకపోతే రెండు రోజుల్లో చర్మం ఒరుసుకుపోతుంది.

ఒక చీటీలో అడిగారు, లోపలి స్క్రూలు తీయించుకోవాలా అని. ఇబ్బంది పెట్టకపోతే అక్కర్లేదు. ఎమ్మారై తీయించుకోవచ్చా? టైటానియమైనా, కరిగే రకమైనా తీయించుకోవచ్చు, ఆపరేషన్ కాగితం వెంట తీసుకెళ్ళండి. ఇంకో చీటీ, రెండో కాలు సంగతేంది అని. మంచి ప్రశ్న. ఒక ఏసీఎల్ పోయిన కుర్రాళ్ళలో రెండో మోకాలికి కూడా ప్రమాదం మామూలు మనిషి కంటే ఎక్కువ. కాబట్టి వ్యాయామాలన్నీ రెండు కాళ్ళకీ చెయ్యండి, మలుపులో కాలు పెట్టే అలవాటు రెండు పక్కలా మార్చుకోండి.

సరే, మాటలు చాలు. అక్కడ వేదిక పక్కన మెట్టుంది, ఇరవై సెంటీమీటర్లు ఉంటుంది. చెప్పులు విప్పేసి ముగ్గురేసి రండి. దెబ్బ తగిలినవాళ్ళు కాదు, ముందు బాగున్నవాళ్ళు. ఒంటికాలి మీద నిలబడి రెండో మడమ నేలకి తగిలేదాకా మెల్లగా దిగాలి, పదిసార్లు. పక్కనున్నవాడు ముందు నుంచి ఫోనులో తియ్యండి. మోకాలు బొటనవేలు దాటి లోపలికి పోయినవాళ్ళు ఎవరో చూసి, వాళ్ళ పేర్లు ఈ కాగితం మీద రాయండి.